కాలిబ్రేషన్ ల్యాబ్‌లో టెక్నీషియన్ల కొలతలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో పరీక్షించే విధానం

ఒకే మైక్రోమీటరును (సన్నని కొలతలు తీసే పరికరాన్ని) ఒకే గేజ్ బ్లాక్‌ల (పొడవు కచ్చితంగా తెలిసిన దిమ్మల) సెట్‌తో, ఒకే గదిలో ముగ్గురు టెక్నీషియన్లు విడివిడిగా కాలిబ్రేట్ చేస్తే, అంటే తెలిసిన కొలతతో పోల్చి దాని దోషం చూస్తే, మూడు వర్క్‌షీట్లలోని అంకెలు అచ్చంగా ఒకటిగా రావు, రావాలని ఎవరూ ఆశించరు కూడా. ఆ తేడా ల్యాబ్ ప్రకటించిన అనిశ్చితిలో (కొలత ఎంత మేర అటూ ఇటూ ఉండవచ్చో చెప్పే హద్దులో) సహజంగా ఇమిడేదా, లేక ఒకరి చేతి అలవాటు వల్ల ప్రతిసారీ ఒకే వైపుకు ఒరుగుతున్నదా అని తేల్చడమే ఈ పరీక్ష ఉద్దేశం. ల్యాబ్‌ల సామర్థ్యానికి సంబంధించిన ఐఎస్ఓ/ఐఈసీ 17025:2017 ప్రమాణంలోని 7.7.1 క్లాజు ఫలితాల చెల్లుబాటును కాపాడుకునే మార్గాలను చెబుతూ, వాటిలో ల్యాబ్ లోపలి పోలికలనూ, బ్లైండ్ శాంపిళ్ల (విలువ కొలిచేవారికి ముందుగా చెప్పనివాటి) పరీక్షనూ చేర్చింది. సిబ్బంది సామర్థ్యాన్ని గమనిస్తూ ఉండాలని 6.2 క్లాజు అడుగుతుంది.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే భారతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లలో ఈ రెండు అవసరాలకూ కలిపి ఒకే కాగితం కనిపించడం అరుదేమీ కాదు. ఏడాదికొకసారి ఇద్దరి రీడింగులు పక్కపక్కన వేసి, ఈఎన్ నిష్పత్తి (రెండు ఫలితాల తేడాను వాటి ఉమ్మడి అనిశ్చితితో భాగించగా వచ్చే అంకె) ఒకటి దాటలేదని రాసి, సంతకం పెట్టి ఫైలులో ఉంచుతారు. ఆడిట్‌లో అది గట్టెక్కవచ్చు గానీ, మనుషుల మధ్య ఉన్న తేడాను పట్టుకునే శక్తి ఆ లెక్కకు చాలా తక్కువ. దానికి కారణమేమిటో, బదులుగా ఏం చేయాలో కింద వివరంగా ఉంది.

ముందుగా ఏ పనిని ఎంచుకోవాలి

స్కోపులో, అంటే ల్యాబ్‌కు గుర్తింపు ఉన్న పనుల జాబితాలో, ఉన్న ప్రతి పరామితికీ ఒకే తూకం వేయనక్కర్లేదు. డిజిటల్ మల్టీమీటరును మల్టీఫంక్షన్ కాలిబ్రేటరుతో చూసేటప్పుడు టెక్నీషియన్ పాత్ర లీడ్లు కలపడం, పరికరం వేడెక్కేదాకా ఆగడం, రీడింగు నిలకడపడే వరకు చూడడం వరకే ఉంటుంది. అంకెను డిస్‌ప్లే చూపిస్తుంది. అలాంటి పనుల్లో మనుషుల మధ్య పోలిక ఏడాదికొకసారి జరిగితే చాలు, ఫలితం ఎక్కువసార్లు నిస్సారంగానే ఉంటుంది.

చేతితో, కంటితో ముడిపడిన పనుల సంగతి వేరు. అనలాగ్ ప్రెజర్ గేజ్‌లో ముల్లు రెండు గీతల మధ్య ఆగినప్పుడు మిగతా భాగాన్ని కంటితోనే అంచనా వేయాలి. డయల్‌కు ఎదురుగా నిలబడి చూసేవారికీ, కాస్త పక్కనుంచి చూసేవారికీ ఆ అంచనా ఒకటిగా రాదు. చదివే ముందు గేజ్‌ను వేలితో మెల్లగా తట్టేవారు ఒకరు, తట్టనివారు ఒకరు. పీడనాన్ని పెంచుతూ బిందువును దాటిపోయి వెనక్కి తగ్గించి చదివితే హిస్టరెసిస్ (పీడనం పెరిగేటప్పుడూ తగ్గేటప్పుడూ రీడింగులో వచ్చే తేడా) కూడా అందులో కలుస్తుంది. పిస్టన్ పిపెట్ (కొద్ది ద్రవాన్ని కొలిచి వదిలే పరికరం) ఇంకా సున్నితం. ఐఎస్ఓ 8655 ప్రకారం ప్రతి ఘనపరిమాణం దగ్గర పదేసి సార్లు నీటిని వదిలి తూచాలి. పిపెట్‌ను ఎంత వంచి పట్టుకున్నారు, ప్లంజరును ఎంత వేగంగా వదిలారు, టిప్‌ను నీటిలో ఎంత లోతుకు ముంచారు, ముందుగా ఎన్నిసార్లు తడిపారు అన్న ప్రతి విషయమూ తూకంలో కనిపిస్తుంది. ల్యాబ్‌లో పిపెట్ పని ఉంటే పోలికను అక్కడినుంచే మొదలుపెట్టమని నా సలహా.

ఈ వ్యాసంలో ఉదాహరణగా 0 నుంచి 25 మి.మీ. వరకు కొలిచే, 0.001 మి.మీ. రిజల్యూషన్ ఉన్న డిజిటల్ ఔట్‌సైడ్ మైక్రోమీటరును తీసుకుంటాను. పెద్ద, చిన్న ల్యాబ్‌లన్నిటికీ బాగా తెలిసిన పని అది. దాన్ని సాధారణంగా 2.5, 5.1, 7.7, 10.3, 12.9, 15.0, 17.6, 20.2, 22.8, 25 మి.మీ. బ్లాక్‌ల దగ్గర పరీక్షిస్తారు. స్క్రూ పిచ్ అర మిల్లీమీటరు కనుక, ఈ కొలతల దగ్గర థింబుల్ (తిప్పే గొట్టం) వేర్వేరు కోణాల్లో ఆగి, ఒక చుట్టు లోపల ఉండే దోషం కూడా బయటపడుతుంది. పోలిక కోసం పది బిందువులూ అక్కర్లేదు. సున్నా దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి చొప్పున మూడు నాలుగు చాలు. అన్నీ ఒకే కోణంలో ఆగేవి కాకుండా చూసుకుంటే మంచిది.

పోల్చడానికి వాడే పరికరం

మాస్టర్ పరికరాన్ని తీసి ఇవ్వడం చాలామంది చేసే ఎంపిక, కానీ అది సరైనది కాదు. కొత్తగా, మృదువుగా తిరిగే మైక్రోమీటరుతో అందరికీ మంచి రీడింగులే వస్తాయి. కస్టమర్ల దగ్గరి నుంచి వచ్చేవి షాప్‌ఫ్లోర్‌లో కొన్నేళ్లు తిరిగినవి, రాచెట్ (ప్రతిసారీ ఒకే బలంతో ఆగేలా చేసే చివరి పిడి) కాస్త బిగుసుకున్నవి, ఆన్విల్ (వస్తువు ఆనే స్థిర ముఖం) మీద నూనె పొర ఉన్నవి. అలాంటి మధ్యస్థమైన స్థితిలో ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అయితే అది రోజురోజుకూ మారిపోయేది కాకూడదు. కదిలే ఆన్విల్ లేదా వదులైన లాక్ ఉన్న పరికరంతో పోలిక పెడితే తేడా మనిషిదో పరికరానిదో చివరికి తేలదు. దీనికి సులువైన రక్షణ ఉంది: మొదట కొలిచిన టెక్నీషియన్ చేతనే అందరి తరువాత మరొకసారి కొలిపించాలి. అతని రెండు ఫలితాలూ కలిస్తే మధ్యలో పరికరం మారలేదని అర్థం. కలవకపోతే మిగతా లెక్కలోకి వెళ్లనే వద్దు.

వీలైనప్పుడు ఆ పరికరాన్ని మామూలు ఇన్‌వర్డ్ నంబరుతో, మామూలు జాబ్ కార్డుతో, కస్టమర్ పని లాగానే టేబుల్ మీదికి పంపించండి. పరీక్ష జరుగుతోందని తెలిసిన రోజున ప్రతివారూ ప్రొసీజరును అక్షరాలా పాటిస్తారు. మనకు కావలసింది సాయంత్రం నాలుగున్నరకు, ఇంకా ఆరు జాబ్‌లు మిగిలి ఉన్నప్పుడు వాళ్లు చేసే కొలత. చిన్న ల్యాబ్‌లో సీరియల్ నంబరు చూడగానే గుర్తుపట్టే ప్రమాదం ఉంటుంది కనుక, ఒకే రకం పరికరాలు రెండు మూడు ఉంచుకుని మార్చి మార్చి వాడడం మేలు.

పథకం ఎలా రాయాలి

క్వాలిటీ మేనేజరో, టెక్నికల్ మేనేజరో ఒకరు సమన్వయం చేయాలి. ఆ వ్యక్తి కొలతల్లో పాల్గొనకూడదు. పరికరం వివరాలు, బిందువులు, ఎవరు ఏ రోజు కొలుస్తారు, ఎన్ని రీడింగులు, ఏ లెక్క వాడతారు, ఏ హద్దు దాటితే చర్య తీసుకుంటారు అన్నవన్నీ కొలతలు మొదలయ్యే ముందే కాగితం మీద ఉండాలి. అంకెలు చూశాక హద్దు రాసే ల్యాబ్‌లో ఎవరూ ఎప్పుడూ విఫలం కారు.

ప్రతి బిందువు దగ్గర ప్రతి టెక్నీషియనూ కనీసం ఐదు రీడింగులు తీసుకోవాలి. ఇక్కడ ఒక విషయంలో రాజీ పడకూడదు. ఒకరు సెటప్ చేసి, సున్నా సరిచేసి, బ్లాక్‌లు పేర్చి పెట్టాక మిగతా ఇద్దరూ వచ్చి రీడింగులు మాత్రమే తీసుకుంటే ఆ పోలికలో మనిషి ప్రభావంలో సగానికి పైగా మాయమైపోతుంది. ఆన్విల్ తుడవడం, బ్లాక్‌లను పెట్టెలోంచి తీసి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా వదిలేయడం, సున్నా సెట్ చేయడం, రాచెట్ తిప్పడం, చదవడం, రాయడం అంతా ప్రతివారూ మొదటినుంచి చేయాలి. వేర్వేరు రోజుల్లో చేస్తే ఇంకా మంచిది. అప్పుడు ఐఎస్ఓ 5725 చెప్పే ఇంటర్మీడియట్ ప్రెసిషన్‌కు (ఒకే ల్యాబ్‌లో మనిషి, రోజు మారినప్పుడు వచ్చే చెదురుకు) దగ్గరగా ఉండే అంచనా వస్తుంది. ఒకే రోజు, ఒకే మనిషి, ఒకే సెటప్‌తో వచ్చేది రిపీటబిలిటీ మాత్రమే.

ఎవరి వర్క్‌షీట్ వారు పూర్తి చేసిన వెంటనే సమన్వయకర్తకు అప్పగించాలి. తరువాతివారికి ముందువారి అంకెలు కనిపించకూడదు. రౌండ్ చేసిన విలువలు కాక డిస్‌ప్లేలో కనిపించిన విలువలే రాయాలి. గది ఉష్ణోగ్రత, తేమ, కొలత మొదలైన సమయం కూడా నమోదు కావాలి. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కనుక, ఎవరు ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో తరువాత కారణాలు వెతికేటప్పుడు తప్పక అవసరపడుతుంది.

లెక్క

20.2 మి.మీ. బిందువు దగ్గర, బ్లాక్ విలువను తీసివేయగా మిగిలిన దోషాలు మైక్రాన్లలో ఇలా వచ్చాయనుకుందాం. ఇవి లెక్క చూపించడానికి తీసుకున్న అంకెలు.

మొదటి టెక్నీషియన్: 1, 2, 1, 1, 2. సగటు 1.4
రెండవ టెక్నీషియన్: 2, 0, 2, 3, 1. సగటు 1.6
మూడవ టెక్నీషియన్: 3, 3, 4, 3, 3. సగటు 3.2

పైపైన చూసేవారు రెండవ వ్యక్తిని అనుమానిస్తారు, ఎందుకంటే అతని రీడింగులు చెదిరి ఉన్నాయి. ముందుగా ఆ అనుమానాన్నే పరీక్షించాలి. ముగ్గురి వేరియన్సులు (చెదురును కొలిచే అంకెలు) వరుసగా 0.3, 1.3, 0.2. కోక్రన్ పరీక్షలో అతి పెద్ద వేరియన్సును మొత్తంతో భాగిస్తారు: 1.3ను 1.8తో భాగిస్తే 0.722. ముగ్గురు మనుషులకు, ఐదేసి రీడింగులకు 5 శాతం స్థాయిలో హద్దు 0.746. హద్దుకు దగ్గరగా ఉన్నా దాటలేదు కనుక చెదురు విషయంలో అతన్ని తప్పుపట్టే ఆధారం చాలదు. తరువాతి విడతలో మాత్రం గమనించాలి.

ఇక సగటుల మధ్య తేడా. దీనికి వన్-వే అనోవా (సగటుల మధ్య తేడాను ఒక్కొక్కరి లోపలి చెదురుతో పోల్చే గణాంక పరీక్ష) సరిపోతుంది. ఎక్సెల్‌లో డేటా అనాలిసిస్ కింద సింగిల్ ఫ్యాక్టర్ అనోవా ఎంచుకుంటే ఈ లెక్క అదే చేస్తుంది. మొత్తం సగటు 2.07. టెక్నీషియన్ల లోపలి సగటు వర్గం 0.6, టెక్నీషియన్ల మధ్య సగటు వర్గం 4.87, వాటి నిష్పత్తి అయిన ఎఫ్ విలువ 8.1. స్వేచ్ఛాంకాలు 2, 12 అయినప్పుడు 5 శాతం స్థాయిలో హద్దు 3.89. అంటే ఈ తేడా యాదృచ్ఛికమని చెప్పుకోవడం కష్టం, దానికి కారణం మూడవ వ్యక్తి సగటు. అందరికంటే నిలకడగా కొలిచినవాడు అందరికీ దూరంగా ఉన్నాడు. నిలకడ చూసి ఖచ్చితత్వాన్ని ఊహించుకునే పొరపాటు ల్యాబ్‌లలో తరచూ జరిగేదే.

ఇదే డేటాను ఈఎన్ నిష్పత్తిలో పెట్టి చూడండి. ల్యాబ్ విస్తృత అనిశ్చితి, కవరేజి గుణకం 2 దగ్గర, 1.8 మైక్రాన్లు అనుకుందాం. మొదటి, మూడవ టెక్నీషియన్ల మధ్య తేడా 1.8. రెండు అనిశ్చితుల వర్గాల మొత్తానికి వర్గమూలం 2.55. నిష్పత్తి 0.71. ఒకటి కంటే తక్కువ కనుక సంతృప్తికరం అని రాసేస్తారు.

లోపం సూత్రంలో లేదు, దాన్ని వాడిన చోట ఉంది. ఈఎన్ నిష్పత్తి రెండు స్వతంత్రమైన ల్యాబ్‌లను పోల్చడానికి ఉద్దేశించినది. వాటికి వేర్వేరు స్టాండర్డులు, వేర్వేరు ట్రేసబిలిటీ (పైస్థాయి ప్రమాణాలకు కలిపే గొలుసు) ఉంటాయి కనుక రెండు అనిశ్చితులనూ పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం న్యాయం. మన ముగ్గురూ వాడినది ఒకే గేజ్ బ్లాక్. దాని సర్టిఫికెట్ అనిశ్చితి ముగ్గురి ఫలితాలనూ ఒకే వైపుకు ఒకే మేర జరుపుతుంది గానీ వారి మధ్య తేడాను పుట్టించలేదు. అదే మైక్రోమీటరు కనుక ఆన్విల్ సమతలత, సమాంతరత కూడా దాదాపు అంతే. ఈ ఉమ్మడి భాగాలను హారంలో ఉంచితే హద్దు అనవసరంగా వదులవుతుంది. అనిశ్చితి పట్టికలో (అనిశ్చితికి కారణాలను ఒక్కొక్కటిగా రాసే పట్టికలో) ఒక్కో వరుసనూ తీసుకుని, ఇది మనిషి మారితే మారుతుందా అని ప్రశ్నించి, మారనివాటిని తీసివేయండి. మిగిలేవి రిపీటబిలిటీ, రిజల్యూషన్, సున్నా సెట్ చేయడంలో తేడా, పట్టుకోవడం వల్ల వచ్చే ఉష్ణోగ్రత తేడా. ఇవన్నీ కలిపి విస్తృత స్థాయిలో 1.0 మైక్రాన్ అయ్యాయనుకుంటే హారం 1.41, నిష్పత్తి 1.27. ఇప్పుడు అదే డేటా విఫలమైంది, అనోవా చెప్పిన మాటతో ఏకీభవించింది.

అనోవాకూ దాని పరిమితులున్నాయి. డిజిటల్ పరికరాలతో ఐదు రీడింగులూ ఒకటే రావడం మామూలే. ముగ్గురికీ అలా వస్తే లోపలి వేరియన్సు సున్నా అయ్యి, ఎఫ్ విలువను లెక్కించడమే కుదరదు. కొంచెం చెదిరినా ఒక్క అంకె తేడాకే ఎఫ్ విలువ ఆకాశానికి లేస్తుంది. అప్పుడు రిజల్యూషన్ నుంచి వచ్చే అనిశ్చితిని, అంటే 1 మైక్రాన్‌ను 12 వర్గమూలంతో భాగించగా వచ్చే 0.29 మైక్రాన్లను, కనీస చెదురుగా తీసుకుని తేడాను దానితో పోల్చాలి. అలాగే రీడింగుల సంఖ్య పెంచుకుంటూ పోతే ఏ ప్రాముఖ్యమూ లేని తేడా కూడా గణాంకపరంగా బయటపడుతుంది. అందుకే రెండు హద్దులూ పథకంలో రాసుకోవడం మంచిది: గణాంక పరీక్ష ఒకటి, ఉమ్మడి భాగాలు తీసేసిన నిష్పత్తి ఒకటి. రెండూ దాటినప్పుడు చర్య, ఒకటే దాటినప్పుడు పరిశీలన.

కారణం వెతకడం

తేడా దొరకగానే రీట్రైనింగ్ ఇచ్చాం అని రాసి మూసేయడం తేలిక. ఏ విషయంలో శిక్షణ ఇవ్వాలో తెలియకుండా ఇచ్చిన శిక్షణతో ఏదీ మారదు. మొదట మిగతా బిందువుల డేటా చూడండి. మూడవ టెక్నీషియన్ తేడా అన్ని బిందువుల దగ్గరా దాదాపు ఒకటిగానే ఉంటే దోషం సున్నా సెట్ చేయడంలో ఉంది. కొలత పెరిగేకొద్దీ తేడా పెరిగితే ఉష్ణోగ్రతను చూడాలి. ఏ ఒక్క బిందువు దగ్గరో ఉంటే ఆ బ్లాక్‌ను సరిగా తుడవకపోవడమో, వాలుగా పట్టడమో అయి ఉంటుంది.

బ్లాక్‌ను చేత్తో పట్టుకుని వేడి చేశాడన్న మాట ఇలాంటి చర్చల్లో మొదట వినిపిస్తుంది. దాన్ని లెక్కతో సరిచూడవచ్చు. ఉక్కు వ్యాకోచ గుణకం డిగ్రీకి మీటరుకు 11.5 మైక్రాన్లు. 20.2 మి.మీ. బ్లాక్ 1.8 మైక్రాన్లు పెరగాలంటే సుమారు 7.7 డిగ్రీలు వేడెక్కాలి. ఫోర్సెప్స్ లేకుండా కాసేపు పట్టుకున్నా ఆ స్థాయికి చేరడం కష్టం, కనుక ఇక్కడ అది ప్రధాన కారణం కాదు. 100 మి.మీ. కొలతలో ఒక్క డిగ్రీకే 1.15 మైక్రాన్లు వస్తుంది కాబట్టి పెద్ద మైక్రోమీటర్లలో మాత్రం మొదట అనుమానించవలసింది దాన్నే.

తేడా అన్ని బిందువుల దగ్గరా ధనాత్మకంగా, సమానంగా ఉందనుకుంటే ఒక అవకాశం స్పష్టంగా కనిపిస్తుంది. సున్నా సెట్ చేసేటప్పుడు థింబుల్‌ను నేరుగా పట్టి గట్టిగా బిగించి, బ్లాక్‌ను కొలిచేటప్పుడు మాత్రం రాచెట్‌తో మెల్లగా ఆపితే ప్రతి రీడింగూ ఒకే మేర పెరుగుతుంది. దీన్ని నిర్ధారించడానికి అతని పక్కన నిలబడి చూడాలి. ప్రొసీజరు కాగితంలో టిక్కులు పెట్టుకుంటూ కాకుండా, అతని చేతులు వాస్తవంగా ఏం చేస్తున్నాయో వరుసగా రాసుకోవాలి. రాచెట్ ఎన్ని క్లిక్కులు, తుడిచింది ఏ గుడ్డతో, సున్నా ఎన్నిసార్లు సరిచూశాడు. మిగతా ఇద్దరినీ అలాగే చూడాలి, ఎందుకంటే ఇద్దరు కలిశారు కనుక ఇద్దరూ సరైనవారే అనుకోవడానికి వీల్లేదు. ఒకే సీనియర్ దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు ఒకే తప్పు చేసే అవకాశం కూడా ఉంది. పైస్థాయి ల్యాబ్‌లో అదే మైక్రోమీటరుకు సర్టిఫికెట్ తెచ్చుకుని ఉంటే ఎవరు సత్యానికి దగ్గరగా ఉన్నారో అది చెబుతుంది.

చాలాసార్లు తప్పు ప్రొసీజరులోనే దొరుకుతుంది. సున్నా సెట్ చేయండి అని రాసి ఉంటుంది గానీ, రాచెట్‌తో మూడు క్లిక్కుల వరకు తిప్పి సెట్ చేయండి అని ఉండదు. అప్పుడు మార్చవలసింది ఆ వాక్యాన్ని, శిక్షణ ఇవ్వవలసింది అందరికీ. ఫలితాలు చర్చించే సమావేశంలో పేర్లకు బదులు సంఖ్యలు వాడితే మంచిది. ర్యాంకులు మొదలైతే తరువాతి విడతలో అంకెలు ముందుగానే సర్దుబాటై వస్తాయి.

అనిశ్చితి పట్టిక, ఇచ్చిన సర్టిఫికెట్లు

చాలా ల్యాబ్‌లలో రిపీటబిలిటీ వరుసలో ఉండే విలువ ఎవరో ఒక్కరు, ఒక్క మధ్యాహ్నం తీసుకున్న పది రీడింగుల నుంచి వచ్చినది. సర్టిఫికెట్ మీద మాత్రం ఏ టెక్నీషియన్ అయినా సంతకం చేయవచ్చు. పై డేటాలో ముగ్గురి ఉమ్మడి రిపీటబిలిటీ 0.77 మైక్రాన్లు, మనుషుల మధ్య చెదురు, అంటే 4.87లోంచి 0.6 తీసి 5తో భాగించి వర్గమూలం చూస్తే, 0.92 మైక్రాన్లు; రెండూ కలిపితే 1.2. మూడవ టెక్నీషియన్ ఒక్కడి డేటాతో పట్టిక నింపి ఉంటే ఆ వరుసలో 0.45 ఉండేది. కారణం సరిచేశాక కూడా మిగిలే మనుషుల మధ్య తేడాను ప్రత్యేక వరుసగా పట్టికలో చేర్చాలి. అయితే సరిచేయగల దోషాన్ని సరిచేయకుండా అనిశ్చితి పెంచి కప్పేయడం సరికాదు. దానివల్ల సీఎంసీ (ల్యాబ్ తన స్కోపులో ప్రకటించే అతి తక్కువ అనిశ్చితి) పెరుగుతుంది, టెక్నీషియన్ అలవాటు అలాగే ఉంటుంది.

తేడా నిజమని తేలినప్పుడు అదే ప్రమాణంలో సరిలేని పని గురించిన 7.10 క్లాజు కింద ఇప్పటికే విడుదలైన సర్టిఫికెట్లను చూడాలి. ఆ టెక్నీషియన్ ఆ రకం పని ఎప్పటినుంచి చేస్తున్నాడు, ఆ తేడా కలిపితే ఏ పరికరానికైనా పాస్ అన్న నిర్ణయం మారుతుందా అన్నవి తప్పక పరిశీలించాలి. మారితే కస్టమరుకు తెలియజేయక తప్పదు. సవరణ తరువాత మళ్లీ చేసే పోలికలో అతన్ని ఒక్కడినే కాకుండా మిగతావారినీ చేర్చాలి.

ఇద్దరే ఉన్న ల్యాబ్‌లో అనోవాకు బదులు రెండు సగటుల మధ్య టీ పరీక్ష చాలు; మిగతా పద్ధతి అంతా ఇదే. ఒక్కరే ఉన్న చోట, కాలిబ్రేట్ చేసిన పరికరాన్ని ల్యాబ్‌లోనే ఉంచుకుని రెండు మూడు నెలల తరువాత పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలిచి, వాటిని కంట్రోల్ చార్టు (విలువలను కాలక్రమంలో హద్దులతో చూపే గ్రాఫు) మీద వేసుకుంటూ పోవాలి. కొత్త టెక్నీషియన్ చేరినప్పుడు మాత్రం వార్షిక పథకం కోసం ఆగకుండా, సంతకం అధికారం ఇవ్వడానికి ముందే ఆ చార్టులోని పరికరాన్నే అతని చేతికి ఇచ్చి పోలిక పూర్తి చేయాలి.